డ్రైవరు గారు తిప్పి పంపిన నక్షత్రాల చార్టులు

నేను ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యానో కెనడాలోని సర్రీలో మా తెలుగువాళ్ళకు చెప్పడం మానేసి చాలా కాలమైంది. "నక్షత్రాల చార్టులు తయారుచేసేదాన్ని" అంటే చాలు, ఎదుటివారు భోజనం ప్లేటు పక్కన పెట్టి పుట్టిన తేదీ, వేళ చెప్పడం మొదలుపెట్టేవారు. ఒకావిడ తన కొడుక్కి పీఆర్, అదే ఇక్కడ స్థిరంగా ఉండిపోయే అనుమతి, ఎప్పుడొస్తుందో చూసిపెట్టమంది. మావి ఆ చార్టులు కావండీ, టెలిస్కోపు పెట్టుకుని ఆకాశం చూసే సరదా ఉన్నవాళ్ళకు దారి చూపే పటాలు అని చెబితే, "ఓ, అంతేనా" అని మళ్ళీ ప్లేటు అందుకుంది. అప్పటినుంచి ప్రింటింగ్ ప్రెస్సులో చేశానని చెప్పి ఊరుకుంటున్నాను.

అది అబద్ధమూ కాదు. మాదొక చిన్న షెడ్డు. ఒక పక్క టైర్ల గోదాము, ఇంకో పక్క సమోసాలు చేసి దుకాణాలకు పంపే పంజాబీ వాళ్ళ వంటశాల. మా కాగితాలకు ఎప్పుడూ కొంచెం వాము వాసన ఉండేది. యజమాని మాటలు తక్కువైన వాంకూవర్ పెద్దాయన. ఆయన కింద నేను, తర్వాత వచ్చి చేరిన ఒక హనుమకొండ అమ్మాయి. ఆ అమ్మాయి కంప్యూటర్ ప్రోగ్రాం సంగతి చూసేది, నేను చార్టులు సరిచూసి అచ్చు వేయించేదాన్ని.

ఫోనులో యాప్ ఉండగా కాగితం ఎవరు కొంటారని మీకు అనుమానం రావచ్చు. చీకటికి అలవాటుపడిన కంట్లో ఫోను వెలుతురు పడిందంటే మసక చుక్కలు మళ్ళీ కనబడటానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఎర్ర టార్చి వెలుతురులో కాగితమే చూస్తారు. అందులోనూ అందరికీ ఒకే కాగితం పనికిరాదు. మీది ఏ ఊరు, ఏ రకం టెలిస్కోపు, ఏ వేళప్పుడు చూస్తారు, ఎంత మసక చుక్క దాకా కావాలి అని అడిగి, ఎవరికి వారికి వేరే చార్టు వేసేవాళ్ళం. కొన్ని టెలిస్కోపుల్లో ఆకాశం తలకిందులుగా కనబడుతుంది. కొన్నింట్లో అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోతాయి. దానికి తగ్గట్టు బొమ్మను తిప్పి, చూసే వేళకు ఆ చోటు ఎటు ఒరిగి ఉంటుందో అటే ఒంచి అచ్చువేస్తాం. కంటికి కనబడే బొమ్మ, చేతిలో ఉన్న బొమ్మ ఒక్కలా ఉండాలి. అదే మా వ్యాపారం మొత్తం.

చేరిన కొత్తలో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను. నక్షత్రం పక్కన దాని వెలుగు ఎంతో అంకెల్లో వేస్తాం, కానీ అంకెల మధ్య దశాంశ బిందువు పెట్టం. చీకట్లో ఆ చుక్కను కూడా నక్షత్రమే అనుకుంటారు. ఆ సంగతి నాకు తెలియదు. ఎవరో మరిచిపోయారనుకుని, ఒక చార్టు నిండా శ్రద్ధగా చుక్కలు పెట్టి తీసుకెళ్ళాను. పెద్దాయన చాలాసేపు చూసి, "ఒక్క రోజులో ఇన్ని కొత్త నక్షత్రాలు కనిపెట్టినవాళ్ళను నేను చూడలేదు" అన్నారు. అంతకుమించి తిట్టలేదు.

పెద్దాయనకు ఒక రూలుండేది. చార్టు తప్పుందని ఎవరైనా అంటే వాదించకూడదు. తప్పు అనుకున్నచోట గుర్తుపెట్టి చార్టు తిప్పి పంపమనాలి. మన మూలపటంతో సరిచూసి, తప్పు మనదైనా కాకపోయినా కొత్తది ఉచితంగా వేసి పంపాలి. ఈ రూలును అందరికంటే ఎక్కువ వాడుకున్న మనిషి ఒక తెలుగాయన.

ఆయన టొరంటో పక్కన స్కార్‌బరోలో సిటీ బస్సు డ్రైవరు. కాకినాడ వైపు వారు. తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. చీకటి పడగానే అపార్ట్‌మెంటు బాల్కనీలో టెలిస్కోపు పెట్టేవారు. వెలుగు పెరిగి తరిగే నక్షత్రాలు కొన్ని ఉంటాయి. ఈవేళ ఎంత వెలుగుందో పక్క చుక్కలతో పోల్చి అంచనా కట్టి శాస్త్రవేత్తలకు రాసి పంపేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు, ఆయన వాళ్ళలో ఒకరు. ఆయన పద్ధతి ఆయనది. మధ్యలో ఉన్న నక్షత్రం మీదే చూపు నిలిపి, కన్ను కదపకుండా, చుట్టూ ఉన్న చుక్కలను ఒక్కొక్కటే గుర్తుపట్టాలి. చూపు అటూ ఇటూ తిప్పితే అంచనా చెడుతుందంటారు. "బస్సు నడిపేవాడికి చూపు నిలపడం ఎవరూ నేర్పక్కర్లేదండీ" అని గర్వంగా చెప్పుకునేవారు.

మొదట్లో చార్టు అందగానే ఫోన్ చేసి మెచ్చుకునేవారు. తెలుగులో మాట్లాడే దుకాణం దొరికిందని సంబరపడేవారు. తర్వాత ఉన్నట్టుండి ఫిర్యాదులు మొదలయ్యాయి.

"మేడం గారూ, మళ్ళీ లేని చుక్కలేశారండీ."

"లేనివి ఎలా వేస్తామండీ? మూలపటంలో ఉన్నవే వేస్తాం."

"మూలపటం సంగతి నాకు తెలవదండీ. ఆకాశంలో లేవు. నాలుగు చుక్కలకి సున్నా చుట్టి పంపిస్తున్నాను, చూసుకోండి."

చార్టు వచ్చేది. సున్నా చుట్టిన చుక్కలు నాలుగూ మూలపటంలో శుభ్రంగా ఉండేవి. కొత్తది వేసి పంపేదాన్ని. ఇంకో నక్షత్రానికి ఇంకో చార్టు అడిగేవారు, అదీ తిరిగొచ్చేది. టెలిస్కోపులో ఏమైనా మురికి చేరిందేమో చూసుకోమన్నాను. కంటి దగ్గర పెట్టే కటకం మార్చానన్నారు, అయినా అంతే. ఎండాకాలంలో స్నేహితుడి టెలిస్కోపు, వేరే రకానిది, అడిగి తెచ్చుకుని దానికి తగిన చార్టు వేయించుకున్నారు. అదీ సున్నాలతో తిరిగొచ్చింది. రానురాను ఆ కాకినాడ గొంతు వినబడితే చాలు, నాకు ఒళ్ళు మండేది. నా పనిని ఎవరైనా తప్పుపడితే ఒంటికాలి మీద లేచే స్వభావం నాది, ఇప్పటికీ పోలేదు.

చివరికి పెద్దాయన ఒక ఉదయం నన్ను పిలిచి, ఇక ఆ పెద్దమనిషికి మనం చార్టులు చేయలేమని మర్యాదగా చెప్పేయమన్నారు. ఆయన అంత మాట అన్నది నా సర్వీసులో అదొక్కసారే. నాకు హాయిగా అనిపించింది. కాకపోతే, చెప్పేముందు అన్నీ ఒకసారి సరిచూసి, మా తప్పు ఒక్కటీ లేదని రుజువు చూపించాలనుకున్నాను. తిరిగొచ్చిన చార్టులన్నీ సొరుగులోంచి తీసి, కింద లైటు ఉండే గాజుబల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచాను. మా అలవాటు ప్రకారం అన్నింటికీ ఉత్తరం పైకి వచ్చేలా తిప్పి పెట్టాను. మూలపటంతో పోల్చాలంటే అలాగే పెడతాం. ఆయన చుట్టిన సున్నాలు కాగితమంతా చెల్లాచెదురుగా కనబడ్డాయి. ఒక దారీ తెన్నూ లేదు. "చూశావా, నోటికొచ్చింది చెబుతున్నాడు మనిషి" అన్నాను హనుమకొండ అమ్మాయితో.

ఆ అమ్మాయి టీ కప్పు పట్టుకుని వచ్చి నిలబడింది. కాసేపు చూసింది.

"మేడం, ఉత్తరం పైకి మనకు కదా. ఆయన చేతుల ఇట్ల పట్టుకోడు."

"అయితే?"

"ఆయన పట్టుకున్నట్టు పెట్టి చూద్దాం."

కప్పు పక్కన పెట్టి, చార్టులన్నీ మళ్ళీ సర్దింది. ఈసారి ఉత్తరం సంగతి వదిలేసి, కాగితం అంచుకు అంచు కలిపింది. అంటే టెలిస్కోపులో ఎలా కనబడుతుందో అలా, ఆయన చేతిలో ఎలా ఉంటుందో అలా. చెల్లాచెదురుగా ఉన్న సున్నాలన్నీ ఒకేచోట పోగుపడ్డాయి. ఎడమవైపు పైన, అరచేతితో మూస్తే మూసుకుపోయేంత జాగా. ఆ జాగా బయట ఒక్క సున్నా లేదు.

ఒక్కో చార్టులో ఉన్నది ఆకాశంలో ఒక్కో మూల. వాటికీ వీటికీ సంబంధమే లేదు. కటకం మారింది, టెలిస్కోపు మారింది, నక్షత్రం మారింది. అన్నింటిలోనూ మారనిది ఒక్కటే ఉంది, చూసే కన్ను. ఆయన తప్పు చెప్పలేదు. ఆ చుక్కలు ఆయనకు నిజంగానే లేవు.

"మేడం, ఆయన బస్సు నడుపుతడు కదా" అంది అమ్మాయి మెల్లగా.

ఆ అమ్మాయి తమ్ముడు స్కార్‌బరోలోనే కాలేజీలో చదువుతూ, సాయంత్రాలు ఒక దుకాణంలో పార్ట్‌టైం చేస్తున్నాడు. రోజూ బస్సుల మీదే తిరుగుతాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసని ఆ అమ్మాయికీ తెలుసు.

పెద్దాయన వచ్చి బల్ల మీదకు వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. మనం డాక్టర్లం కాదు అన్నారు మొదట. తర్వాత, కానీ చూసిన తర్వాత చూడనట్టు ఉండటానికి లేదు అన్నారు. అమ్మాయి, బస్సుల వాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేద్దామంది. నాకు మనసొప్పలేదు. ఎవరి కళ్ళో వాళ్ళకు చెప్పకుండా వాళ్ళ పై అధికారికి ముందు చెప్పడమేమిటి? మనిషి ఉద్యోగం పోతుంది. ఒకవేళ మేం పొరబడి ఉంటే? అలాగని పొరబడకపోతే, అప్పుడు? ముందు ఆయనకే చెప్పాలని, ఆయన భాషలో చెప్పాలని పెద్దాయన తేల్చారు. నా వంక చూశారు.

మా మధ్యాహ్నం స్కార్‌బరోకు సాయంత్రం. భోజనాలవేళ దాటాక ఫోన్ చేశాను.

"ఏవండీ, మీరు టెలిస్కోపులో ఏ కంటితో చూస్తారు?"

"అదేం ప్రశ్నండీ! కుడి కన్నే. ఎప్పుడూ కుడి కన్నే."

"ఈసారి ఎడమ కంటితో చూడండి. అదే నక్షత్రం, అదే చార్టు."

"ఎందుకండీ?" అన్నారు.

గాజుబల్ల మీద చూసిందంతా చెప్పాను. ఎంత మెల్లగా చెప్పాలనుకున్నానో అంత గాభరాగా చెప్పాను. డాక్టరుకు చూపించుకోమన్నాను. రెండో కన్ను ఎలా ఉందో తెలియదు కాబట్టి, చూపించుకునేదాకా బస్సు నడపవద్దన్నాను.

"మేడం గారూ," ఆయన గొంతు గట్టిపడింది, "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క యాక్సిడెంట్ లేదండీ నాకు. మెడికల్‌కి వెళ్తే అక్షరాలన్నీ గడగడా చదివేసి వస్తాను. మీ చార్టు తప్పని ఒప్పుకోలేక నాకు కళ్ళు లేవంటారా?"

"లేవనడం లేదండీ. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని లోటు రెండోది పూడ్చేస్తుంది. మీకు తెలియదు. టెలిస్కోపుకు పెట్టేది ఒక్క కన్నే కదా, అక్కడ బయటపడింది."

"మీరు చుక్కలు పెట్టేవాళ్ళండీ. కళ్ళ సంగతి మీకెందుకు?"

"మీ బస్సులో ఎక్కేవాళ్ళ కోసమైనా..."

"బస్సు దిగిపోతే నేనేం మిగుల్తానండీ?"

ఫోన్ పెట్టేశారు. ఆ చివరి మాట కోపంగా అన్నది కాదు. అందుకే అది నన్ను పట్టుకుంది. దాని తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

తర్వాతి రోజులు నాకు బాగా గుర్తున్నాయి. పొద్దున్నే లేచి చూసేది టొరంటో వాతావరణం. రోజూ మబ్బే. మబ్బుంటే ఆయన చూడలేరు, చూడకపోతే నమ్మరు, నమ్మకపోతే బస్సు ఆపరు. ఇక్కడ మా స్కైట్రెయిన్ రైలు ఎక్కినా నాకు ఎక్కడో ఒక బస్సు వీధి మలుపు తిరుగుతున్నట్టే ఉండేది. ఎడమవైపు పైన ఏదో ఆయనకు కనబడటం లేదు. హనుమకొండ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు, తమ్ముడితో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం "సబ్‌వే ట్రైన్ల పోరా, బస్సు ఎందుకు" అనడం విన్నాను. తల కొట్టేసినట్టయింది. ఆ వారం ఆఖరులోగా ఆయన నుంచి కబురు రాకపోతే నేనే బస్సుల వాళ్ళకు చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. వాళ్ళ నంబరు వెతికి పట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో మనసులో చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. స్కార్‌బరోలో అప్పుడే చీకటిపడి ఉంటుంది, చలికాలం కదా. గాలి హోరు వినబడుతోంది, బాల్కనీలోంచే చేస్తున్నారు. పలకరింపు లేదు.

"ఉన్నాయమ్మా" అన్నారు.

చేతిలో ఉన్న బస్సుల వాళ్ళ నంబరు కాగితం పక్కన పెట్టాను.

"అన్నీ ఉన్నాయి. ఎడం కన్ను పెట్టాను. మీరేసిన చుక్కలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. కుడి కన్ను పెడితే లేవు. మళ్ళీ ఎడం కన్ను పెడితే ఉన్నాయి. చాలాసార్లు మార్చి మార్చి చూశానమ్మా." మళ్ళీ ఎడం కన్ను పెట్టినట్టున్నారు. "ఎంత బాగున్నాయో."

ఆయన ఏడుస్తున్నారని అప్పుడు అర్థమైంది. ఇవతల నేనూ అదే పని చేస్తున్నాను. ఎప్పుడూ మేడం గారూ అనే మనిషి అమ్మా అన్నారు. పొగిడించుకోవలసిన చార్టు అది. నా జీవితంలో నా చార్టు తప్పయితే బాగుండునని కోరుకున్నది ఆ ఒక్క రోజే.

"బస్సు..." అన్నాను ఎలాగో.

"మీరు ఫోన్ చేసిన మర్నాటి నుంచే లీవ్ పెట్టేశానమ్మా. మీ మీద కోపమొచ్చింది నిజమే. కానీ ఆ మాట విన్నాక స్టీరింగ్ పట్టుకోబుద్ధి కాలేదు. పొద్దున్నే అలవాటుగా లేచి, నా రూట్ బస్సులోనే వెనక సీట్లో కూర్చుని తిరిగొస్తున్నాను. ఇంట్లో డ్యూటీకే వెళ్తున్నాననుకుంటున్నారు."

నేను ఆయన్ను ఆ రోజులన్నీ మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. ఆయన పాసింజరుగా కూర్చుని తిరుగుతున్నారు. కనీసం ఒక మెసేజ్ పెట్టవచ్చు కదా అని కసురుకున్నాను కూడా. "మీరు చెప్పిందే నిజమైతే ఎలాగూ చెప్పాలి కదమ్మా, ఒకేసారి చెబుదామని" అన్నారు.

డాక్టరు గ్లాకోమా అన్నారట. మనవాళ్ళు నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, చెప్పాపెట్టకుండా పక్కనుంచి చూపును కొరుక్కుంటూ వస్తుంది. కుడి కంటిలో పోయింది తిరిగి రాదు. ఎడమ కంటిలోనూ మొదలైంది కానీ సమయానికే పట్టుకున్నారు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడవచ్చన్నారు. బస్సు మాత్రం ఆయన మళ్ళీ నడపలేదు. డిపోలో కూర్చుని చేసే పనేదో ఇచ్చారు. ఆ పని ఆయనకు నచ్చిందని ఎప్పుడూ అనలేదు. యూనిఫాం వేసుకోనక్కర్లేదని మాత్రం ఒకసారి చెప్పారు, చెప్పి మాట మార్చేశారు.

ఈ కథంతా విని, మీరు ఒక మనిషి చూపు కాపాడారు అని కొందరంటారు. నాకు ఆ మాట రుచించదు. మేం ఎవరినీ కాపాడాలని కూర్చోలేదు, నా మటుకు నేను ఆయన నోరు మూయించాలని కూర్చున్నాను. చార్టులు తిప్పి పెట్టింది ఆ అమ్మాయి. అసలు ఆ చార్టులు అంచుకు అంచు కలిస్తే ఒక మాట చెప్పగలిగాయంటే, ప్రతిదాన్నీ ఆయన కంటికి కనబడేట్టే వేయాలని పెద్దాయన పట్టుబట్టినందువల్ల. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. విసిగించేవాడు తిప్పి పంపిన కాగితాన్ని పారేయకండి. వాడు ఎలా పట్టుకుంటాడో అలా పట్టుకుని ఒకసారి చూడండి. ఆ తర్వాత తిట్టుకుంటే తిట్టుకోండి.

ఆ ఏడాదే మా ఆర్డరు కాగితంలో పెద్దాయన ఒక ప్రశ్న కలిపారు. మీరు ఏ కంటితో చూస్తారు? చాలామందికి నవ్వొస్తుంది, రెండింటితో అని రాస్తారు.

డ్రైవరు గారు ఇప్పుడు ఎడమ కంటితో చూస్తారు. కానీ కొన్ని నెలలకొకసారి ఒక మసక చుక్కల చార్టు తీసి, కుడి కంటితోనూ ఎడమ కంటితోనూ విడివిడిగా పాత పద్ధతిలోనే చూపు నిలిపి చూసి, కనబడనివాటికి సున్నాలు చుట్టి పంపిస్తారు. డాక్టరు దగ్గర మిషన్లున్నాయి కదండీ అంటే, "ఆయన లెక్క ఆయనది, మీ లెక్క మీది" అంటారు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా చార్టు వచ్చిన రోజు హనుమకొండ అమ్మాయి ఫోన్ చేస్తుంది. గాజుబల్ల మీద పాతవాటితో అంచుకు అంచు కలిపి చూసి మరీ చేస్తుంది. మొన్న కూడా చేసింది.

"మేడం, అట్లనే ఉన్నది. పెరగలే. ఎడమ కన్నుది కూడ పెరగలే."

"ఇంకేమైనా రాశారా?"

"ఎప్పుడూ రాసేదే. మళ్ళీ లేని చుక్కలేశారండీ, అని."

"అయితే రూలు ప్రకారం కొత్తది వేసి పంపు. డబ్బు తీసుకోకు" అన్నాను.